పదకొండు ఇళ్ళు, ఒకే నంబరు

ఫిబ్రవరి 5, బుధవారం

అన్యాయం జరిగింది. చేసింది బ్రాంబుల్‌వుడ్ హోమ్స్. "యాజమాన్యం" అని మెత్తగా రాయను. ఇది నా నోటుపుస్తకం, ఇక్కడ కూడా మెత్తబడితే ఇంకెక్కడ గట్టిగా ఉంటాను?

పొద్దున్నే మా బిల్డింగులో ప్రతి తలుపుకూ నోటీసు అంటించారు. మార్చి నెలాఖరుకు బిల్డింగు ఖాళీ చెయ్యాలట. పైపులు, గోడలు మార్చడానికి పది నెలలు పడుతుందట. తరవాత ఇదే ఇంటికి ఇదే అద్దెకు తిరిగి రావాలంటే ఫిబ్రవరి 28 లోపు వాళ్ళ యాప్‌లో పేరు నమోదు చేసుకోవాలి. చేసుకోనివాళ్ళు ఇల్లు వదులుకున్నట్టే. యాప్ ఫోనులో తప్ప తెరుచుకోదు. ఒక ఇంటికి ఒక ఫోను, ఒక ఫోనుకు ఒక ఇల్లు. కింద ఆఫీసు కిటికీని డిసెంబరులోనే చెక్కతో మూసేశారు.

సాయంత్రం అన్ని తలుపులూ కొట్టాను. పిల్లలో మనవలో ఉన్నవాళ్ళు వాళ్ళ ఫోన్లలో చేయించుకుంటారు. ఎవరూ లేనివి, అలాంటి ఫోను లేనివి పదకొండు ఇళ్ళు.

అందులో ఒకటి 503, బెర్నడెట్ ఫ్లెట్ ఆంటీది. డెబ్బై నాలుగేళ్ళు. సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. ఆసుపత్రి రెండు వీధుల అవతల, చక్రాల వాకరు తోసుకుంటూ నడిచి వెళుతుంది. కంపెనీ ఆమెకు చూపిస్తానన్న ఇల్లు ఊరి చివర, రెండు బస్సులు మారాలి. ఇవాళ మైనస్ ముప్పై ఒకటి. రెండు బస్సుల కోసం ఆమె ఎక్కడ నిలబడుతుంది?

నోటీసు చూపిస్తే నవ్వింది. "వాళ్ళకి నేను అక్కర్లేదు పిల్లా. గోడలు కావాలి. గోడలకి కిడ్నీలుండవు."

నవ్వే విషయమా అది?

ఫిబ్రవరి 6

పాత ఫోన్లు అడిగి తెచ్చాను. నాలుగు దొరికాయి. నాలుగూ యాప్ ఒప్పుకోనంత పాతవి.

నేను పనిచేసే షెడ్డులో ఏదో బడి పారేసిన కంప్యూటర్లు నలభై ఉన్నాయి. విప్పి, రాగి ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు వెయ్యడం నా పని. విప్పుతూ ఆలోచించాను. ఫోను అంటే గాజు కాదు, లోపల నడిచే వ్యవస్థ. ఆ వ్యవస్థ అందరిదీ, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఫోనులో నడిచేదాన్ని ఈ డబ్బాలో ఎందుకు నడపకూడదు? నడుపుతున్నవాళ్ళు ప్రపంచంలో బోలెడుమంది ఉన్నారు. రాత్రికల్లా పద్నాలుగు పేజీలు చదివేశాను.

వాళ్ళు మన చేతిలో లేని వస్తువును తాళం చెవి చేశారు. మనం చెత్తలోంచి తాళం చెవి చేస్తాం. ఈ వాక్యం బాగుంది. కరపత్రంలో వాడాలి.

ఫిబ్రవరి 8, శనివారం

షెడ్డునుంచి ఒక డబ్బా ఇంటికి తెచ్చి, ఫోను వ్యవస్థను పెన్‌డ్రైవ్‌లోంచి ఎక్కించాను. మొదటి డబ్బా లేచింది! పెద్ద తెర మీద ఫోను ముఖం, గడియారం, వాతావరణం, అన్నీ.

కానీ కంపెనీ యాప్ నిలువు ఫోను కోసం చేసింది. తెరిస్తే బొమ్మ మొత్తం పక్కకి పడుకుంటుంది. సరిచేసే దారి వెతుకుతుంటే కుయా ఫెర్డీ వచ్చాడు. బిల్డింగు చూసుకునేది అతనే. మనీలా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. బిల్డింగంతా అతన్ని కుయా, అంటే అన్న, అనే పిలుస్తుంది. కాసేపు మెడ వంచి చూశాడు. మానిటరును ఎత్తి పక్కకి తిప్పి, పడిపోకుండా రెండు టమాటా డబ్బాలు ఆనించాడు.

"ఇప్పుడు నిలువే కదా? ఇందాకట్నుంచీ దేనికి తిడుతున్నావు?"

"సాఫ్ట్‌వేరుని, కుయా."

"టమాటాలు చేసే పనికి సాఫ్ట్‌వేరుని తిట్టకు."

ఫిబ్రవరి 9

యాప్ తెరుచుకుంటుంది. మూసుకుంటుంది. తెరుచుకుంటుంది. మూసుకుంటుంది. ఎనిమిది గంటలు.

ఫిబ్రవరి 11, మంగళవారం

కారణం దొరికింది. యాప్ ఫోను చిప్ భాషలో రాసి ఉంది, ఈ డబ్బాల చిప్‌కు ఆ భాష రాదు. మధ్యలో దుబాసీ లాంటి పొర ఒకటి వెయ్యాలి. వేశాను. నిలబడింది! మూసుకోలేదు. గదిలో ఒక్కదాన్నే గెంతాను. కింది ఇంటాయన చీపురుతో పైకప్పు కొట్టాడు. కొట్టనీ.

ఫిబ్రవరి 13, గురువారం

ఒక్క డబ్బా సిద్ధం చెయ్యడానికి ఐదు రోజులు పట్టింది. ఇంకా పది ఉన్నాయి. అందుకే తయారైన డిస్కును అచ్చంగా పది డిస్కుల్లోకి కాపీ చేశాను. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. షెడ్డులో వందసార్లు చేసిన పని ఇది.

లిఫ్టు లేదు (నవంబరు నుంచి లేదు, బ్రాంబుల్‌వుడ్). పదకొండు డబ్బాలు, పదకొండు మానిటర్లు, ఇరవై రెండు టమాటా డబ్బాలు మెట్ల మీదుగా మోశాం, నేనూ కుయా. మూడో అంతస్తులో అతను కూర్చుండిపోయాడు.

"తబితా, విప్లవం కింది అంతస్తులో చేసుకునే వీలు లేదా?"

ఫిబ్రవరి 15, శనివారం

పదకొండు పచ్చ టిక్కులు. పదకొండు! ఒక్కో ఇంట్లో నేను పక్కన కూర్చున్నాను, వాళ్ళే నొక్కారు. వాళ్ళ వేలితో వాళ్ళే నొక్కాలని నా పట్టుదల.

ఆంటీ మౌసు పట్టుకుని తెర మీద బాణం ఎటు పోతుందో చూసి, "ఇది మా ఆయనలాగే ఉంది, ఎటు పొమ్మంటే అటు పోదు" అంది. ముఖం ఫోటో తియ్యడానికి పాత కెమెరా పెట్టాను. జుట్టు దువ్వుకుంటానని పది నిమిషాలు ఆపింది. ఫోటో పడ్డాక పచ్చ టిక్కు. దాని కింద తన పేరు, 503. చాలాసేపు చూసింది.

"అంటే నేను తిరిగొస్తానన్నమాట."

"వస్తారు ఆంటీ. మాట ఇస్తున్నాను."

ఫిబ్రవరి 17, సోమవారం

రియెల్ దినమని ఈ రాష్ట్రమంతా సెలవు. డయాలసిస్ వాళ్ళకి మాత్రం సెలవు లేదు. ఆంటీ పొద్దున వెళ్ళొచ్చి, అలసిపోయి కూడా మా అందరికీ మాంసం ఉండల సూప్ కాచింది, బానక్ రొట్టె కాల్చింది. ఉప్పు తను తినకూడదు, మాకు విడిగా వేసింది. కుయా నాలుగు గిన్నెలు తాగాడు.

నేను లేచి మాట్లాడాను. ఈ బిల్డింగులో గెలిచిన పద్ధతిని వీధి వీధికీ తీసుకెళ్ళాలని చెప్పాను. ఆంటీ చేతులు తుడుచుకుంటూ వింది.

"మీ నాన్న ఎక్కడ ప్రసంగాలు చేస్తాడన్నావు? స్టైన్‌బాక్ చర్చిలోనా?"

"ఆయనకీ నాకూ సంబంధం లేదు."

"గొంతుకి తెలీదు పిల్లా, సంబంధం లేదని. అచ్చం పాస్టరు గొంతే. దేవుణ్ణి తీసేసి అద్దె చట్టం పెట్టావు, అంతే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరవాత ఇంటికొచ్చి కోపం వచ్చింది.

ఫిబ్రవరి 19, బుధవారం

పదకొండూ పోయాయి.

ప్రతి తెర మీదా ఒకటే సందేశం: "ఒకే పరికరం నుంచి పదకొండు నమోదులు. మోసపూరితమైనవిగా గుర్తించి రద్దు చేశాం. ఖాతాలు మూసివేయబడ్డాయి."

ఒకే పరికరమా! పదకొండు డబ్బాలు, పదకొండు ఇళ్ళు, నా వీపు మీద మోశాను. అబద్ధం. కావాలని చేశారు. పేదవాళ్ళు చెత్తలోంచి దారి చేసుకుంటే ఓర్వలేక చేశారు.

అదే రోజు, సాయంత్రం

డిస్కు కాపీ చెయ్యడంలో తప్పేం లేదు. అందరూ అలాగే చేస్తారు.

ఫిబ్రవరి 20, గురువారం

కంపెనీకి ఫోను చేసి రెండు గంటల నలభై నిమిషాలు సంగీతం విన్నాను. చివరికి ఒక అమ్మాయి దొరికింది. గొంతు వింటే నా వయసే.

"మేడమ్, ఒకే పరికరం అని చూపిస్తోంది."

"కాదు. పదకొండు. వచ్చి లెక్కపెట్టుకోండి."

"లెక్క సిస్టమ్ చేస్తుంది మేడమ్. మీకు అభ్యంతరముంటే నిర్ధారణ ఫోను ఏర్పాటు చేస్తాం. రేపు ఎనిమిదికీ నాలుగుకీ మధ్య ఒక్కో ఇంటి ఫోనుకీ చేస్తారు. ఆ ఇంటివాళ్ళే ఎత్తాలి. ఎత్తకపోతే కేసు మూసేస్తారు."

"503లో ఆవిడకి రేపు డయాలసిస్ ఉంది. ఉదయం ఏడింటికి వెళితే మధ్యాహ్నం దాకా రాదు."

"అయ్యో." నిజంగానే అంది. "టైము మార్చడానికి నా దగ్గర బటన్ లేదండీ."

మిగతా పదిమందికీ అదే చెప్పాను: రేపు ఇల్లు కదలొద్దు.

ఆంటీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. ఒక్క పూటే కదా అన్నాను. శనివారం వెళ్ళొచ్చు కదా అన్నాను. ఇల్లు పోతే ప్రతి పూటా పోతుంది కదా అన్నాను. ఆమె ఫోను వైపు చూసింది, గోడకున్న పసుపుపచ్చ పాత ఫోను.

"నువ్వు ఉండమంటే ఉంటాను" అంది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఎనిమిది నుంచి ఆంటీ పక్కనే ఉన్నాను. పేకాడాం. ఫోను మోగలేదు. పదకొండింటికి ఒకసారి మోగితే ఇద్దరం లేచాం. చర్చి వాళ్ళు, పాత బట్టలున్నాయా అని. నాలుగు. నాలుగున్నర. మిగతా పది ఇళ్ళలోనూ ఇంకా చేస్తారేమోనని ఫోను దగ్గరే కూర్చున్నారు. మోగలేదు.

ఫిబ్రవరి 22, శనివారం

ఆసుపత్రిలో ఖాళీ లేదట, సోమవారమే రమ్మన్నారు. ఆంటీ చీలమండలు వాచాయి. బాగానే ఉన్నానంది. నీళ్ళు తక్కువ తాగమన్నాను. నేనెవర్ని చెప్పడానికి?

డిస్కు కాపీ చెయ్యడం తప్పు కాదు. ఫోను చెయ్యనిది వాళ్ళు.

ఫిబ్రవరి 23, ఆదివారం

పొద్దున కుయా తలుపు బాదాడు. ఆంటీకి ఊపిరి అందడం లేదు, కుర్చీలో ముందుకు వంగి కూర్చుని ఉంది, పెదాలు నీలం. అంబులెన్సు వాళ్ళు ఐదు అంతస్తులు కుర్చీలో దించారు. ప్రతి మలుపు దగ్గరా ఆమె తల గోడకు తగలకుండా నేను చెయ్యి అడ్డం పెట్టాను. అంతకు మించి చెయ్యగలిగింది లేదు.

లిఫ్టు వాళ్ళది. ఫోను వాళ్ళది. అన్నీ వాళ్ళవే.

ఫిబ్రవరి 24

ఐ.సి.యు.లో ఉంది. చుట్టాలకే ప్రవేశం. నేను ఎవర్ని?

ఫిబ్రవరి 25, మంగళవారం

షెడ్డుకి వెళ్ళలేదు. 503 తాళం కుయా తీశాడు, ఆంటీ చెప్పులూ కళ్ళజోడూ తీసుకెళ్ళడానికి. డబ్బా ఇంకా ఆన్‌లోనే ఉంది, టమాటాల మధ్య. ఊరికే కూర్చున్నాను. సెట్టింగుల్లోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలుసు. పంతొమ్మిదో తేదీ నుంచీ వెళ్ళకుండా ఉన్నది కూడా అందుకే.

ఈ వ్యవస్థ మొదటిసారి లేచినప్పుడు తనకు తానే ఒక నంబరు పెట్టుకుంటుంది, పదహారు అక్షరాలది. ఫోను ఫోనుకీ వేరు. యాప్ మనిషిని చూడదు, ఆ నంబరునే చూస్తుంది. నేను మొదటి డబ్బాను లేపాను, నంబరు పెట్టుకోనిచ్చాను, ఐదు రోజులు నడిపాను. ఆ తరవాత కాపీ చేశాను.

503 నంబరు చేతి మీద రాసుకున్నాను. 406కి వెళ్ళాను. అదే. 310. అదే. 302కి వెళ్ళలేదు, మెట్ల మీద కూర్చుండిపోయాను.

పది నిమిషాల పని. కాపీ చేశాక ఒక్కోదానిలో ఆ నంబరు చెరిపేస్తే కొత్తది పుట్టేది. చదివిన పద్నాలుగు పేజీల్లో ఆ ముక్క ఉంది. తొందర అని దాటేశాను.

అబద్ధం చెప్పింది వాళ్ళు కాదు. పదకొండు ఇళ్ళూ నిజంగానే ఒకే ఫోను. ఆ ఫోను చేసింది నేను.

మళ్ళీ రాస్తున్నాను, ఇంకోసారి దాటెయ్యకుండా: చేసింది నేను. ఆంటీని ఇంట్లో కూర్చోబెట్టింది నేను.

ఖాతాలు తెరవమని మళ్ళీ ఫోను చేశాను. మూసినవి తెరవరట. కొత్త డబ్బా, కొత్త నంబరు పెట్టినా ఆ పేర్లు ఇక తీసుకోదు. ఐదు డబ్బాల మీద ప్రయత్నించాను. తీసుకోలేదు. గడువు మూడు రోజులే ఉంది.

ఫిబ్రవరి 26, బుధవారం

ఆంటీని వార్డులోకి మార్చారు. ఎవరు మీరు అని నర్సు అడిగితే, "మా అమ్మాయే, కాస్త పిచ్చిది" అని ఆంటీ లోపల్నుంచి అరిచింది. గొంతు బొంగురుగా ఉంది.

మంచం పక్కన నిలబడే చెప్పాను. నంబరు సంగతి, కాపీ సంగతి, ఆరు రోజులు నాకు నేను చెప్పుకున్న అబద్ధం సంగతి. ఏడవకూడదనుకున్నాను.

ఆమె ఆక్సిజన్ గొట్టం సర్దుకుంది. తరవాత కోపం వచ్చింది. ఆంటీకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"శుక్రవారం నా పక్కనే కూర్చున్నావు కదా. నన్ను చూశావా, ఫోనుని చూశావా?"

"ఫోనుని."

"అదే. నాకు కూడా బుద్ధి లేదు, కూర్చున్నాను. నాకేమనిపించిందో తెలుసా? ఈ పిల్ల ఇంత కష్టపడింది, ఈ పిల్ల కోసమైనా ఆ ఫోను మోగితే బాగుణ్ణు అనిపించింది."

"క్షమించండి ఆంటీ."

"ఎందుకు నాకది? మిగతా పదిమందికీ చెప్పావా?"

చెప్పలేదు.

"అయితే వాళ్ళు ఇంకా ఫోను పక్కనే కూర్చుని ఉన్నారన్నమాట. 310లో ఆవిడ రొట్టె కొనడానికి కూడా వెళ్ళుండదు. వెళ్ళు. ఇక్కడ నిలబడి నా ఆక్సిజన్ పీల్చకు."

మా బిల్డింగు మెట్ల దగ్గర కుయా ఉన్నాడు. అతనికే మొదట చెప్పాను. తిడతాడనుకున్నాను. జేబులోంచి నోటీసు తీశాడు, మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

"ఇది వెనక్కి తిప్పావా ఎప్పుడైనా?"

"చదివాను."

"ముందు పేజీ చదివావు. ముందు పేజీలో కోపం వచ్చింది, అక్కడే ఆగావు. నాలుగో పేజీ చదువు. నేను ఆసుపత్రి బయట కూర్చుని చదివాను, వేరే పనేం లేక."

చిన్న అక్షరాలు. "లేదా అద్దెదారు స్వయంగా సంతకం చేసిన ఉత్తరాన్ని భవనం వద్ద సైట్ మేనేజరు చేతికి స్వయంగా అందించవచ్చు."

నా అల్మారాలో పదిహేడు కరపత్రాలున్నాయి. అన్నీ రెండేసిసార్లు చదివాను.

"మేనేజరు ఎక్కడ దొరుకుతాడు? ఆఫీసే లేదు."

"శుక్రవారం వస్తున్నాడు, ఇరవై ఎనిమిదిన. బాయిలరు చూడ్డానికి, ఎనిమిదింటికి. నేనే తలుపు తియ్యాలి. వెనక తలుపునుంచి వచ్చి వెనక తలుపునుంచే పోతాడు, పది నిమిషాలు కూడా ఉండడు."

"నువ్వు మాకు చెప్పినట్టు తెలిస్తే?"

"నా ఉద్యోగం కూడా ఆ రోజుతోనే అయిపోతుంది. ఏం తీసేస్తారు, చీపురా?"

ఫిబ్రవరి 27, గురువారం

పది తలుపులూ కొట్టాను. ప్రతి చోటా మొదటి మాటే చెప్పేశాను: కంపెనీ ఫోను కోసం ఇక చూడొద్దు, మీ నమోదు పోయింది నా పొరపాటు వల్ల. ఆ తరవాతే ఉత్తరం సంగతి.

406లో పెద్దాయన తలుపు నా ముఖం మీద వేశాడు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ వేశాడు. మూడోసారి చెయ్యి మాత్రం బయటికి చాపాడు, కాగితం ఇమ్మని. 310 ఆవిడ నిజంగానే వారం నుంచి బయటికి వెళ్ళలేదు, రొట్టె తెచ్చిపెట్టాను. 302లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు "నిన్ను ఎందుకు నమ్మాలి ఇప్పుడు?" అన్నారు. నమ్మొద్దన్నాను. నాలుగో పేజీ వాళ్ళ చేతికిచ్చి చదవమన్నాను. పెద్దావిడ చదివింది, చిన్నావిడ రెండోసారి చదివింది.

ఇంకో పోరాటంలో అయితే ప్రసంగం చేసేదాన్ని. ఇవాళ పెన్నులు పంచాను.

ఆంటీని మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి పంపించారు. ఐదు అంతస్తులు ఎక్కలేదు, ఇవాళ్టికి 204లో నా మంచం మీద పడుకుంది. రేపటి డయాలసిస్‌ని తనే నర్సుతో మాట్లాడి పదకొండింటికి మార్పించుకుంది. ఎనిమిదికి కింద ఉండి, అక్కణ్ణించి నేరుగా ఆసుపత్రికి వెళుతుంది. నేను చెప్పలేదు. వద్దని కూడా అన్నాను, ఉత్తరం ఎవరో ఒకరు ఇస్తారని. నోటీసులో స్వయంగా అని ఉంది కదా అంది. ఉత్తరం తనే రాసింది, నన్ను చూడనివ్వలేదు.

మేనేజరు తీసుకుంటాడా? తెలియదు. చేతులు వెనక్కి పెట్టుకుంటే ఏం చెయ్యాలి? తెలియదు. వెనక తలుపు దగ్గర కుయా నిలబడతానన్నాడు. వీడియో తియ్యడానికి నా ఫోనుంది. మొత్తం పదకొండుమంది ఉండాలి. ఏడుగురు వస్తే ఏడు ఇళ్ళే నిలుస్తాయి.

తలుపుల కింద తోసిన కాగితం ఇది. ఇక్కడ రాసినదీ కలిపి పన్నెండుసార్లు చేత్తో రాశాను, కాపీ తియ్యలేదు:

"నేను 204లో ఉండే తబితా ఫ్రీసెన్. యాప్‌లో మీ పేర్లు పోయింది నేను చేసిన తప్పు వల్ల. ఇల్లు నిలుపుకోడానికి ఇంకో దారి నోటీసులో నాలుగో పేజీలో ఉంది. 'పని అయ్యాక నా ఇంటికి తిరిగి వస్తాను' అని రాయండి. ఇంటి నంబరు వెయ్యండి. సంతకం మీరే పెట్టండి. ఎవరి చేతికీ ఇవ్వొద్దు, నాక్కూడా. నడవలేనివాళ్ళు ఏడింటికి తలుపు తెరిచి ఉంచండి, నేనూ ఫెర్డీ కుర్చీతో వస్తాం. వెచ్చటి కోటు వేసుకోండి, ఆ నడవాలో వేడి ఉండదు.

రేపు, శుక్రవారం, ఉదయం ఎనిమిది గంటలకు, కింద బాయిలరు గది తలుపు ముందు. పది నిమిషాలు ముందే రండి."